పరిగి నుంచి బొంబాయి ఎంత దూరం?

మా పరిగిలో పాతకాలంవారు దూరాన్ని మైళ్ళలో చెప్పేవారు కారు, పూటలలో చెప్పేవారు. వికారాబాదు ఎంత దూరమంటే "బండి కడితే ఒక పూట" అనేవారు. బొంబాయి మాత్రం "రైలు దొరికితే ఒక రాత్రి". ఆ "దొరికితే" అన్న మాటలోనే మా ఊరి చరిత్ర ఇమిడి ఉన్నదని నాకు ఆలస్యంగా బోధపడింది.

1830లో మద్రాసు నుంచి హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటాయి. ఆ మజిలీల కాలంలో ఊళ్ళన్నీ ఒక్కటే. ఎవరికైనా అదే నడక, అదే బండి.

1871లో బొంబాయి, మద్రాసు రైలు మార్గాలు రాయచూరు వద్ద కలిశాయి. ఆ ప్రధాన మార్గానికి రాజధానిని జోడించడానికి, మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండగా, నిజాం రాజ్యం వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం వేయించింది. 1874లో ఆ మార్గం తెరుచుకున్నది. తాండూరు, వికారాబాదులకు స్టేషన్లు దక్కాయి. తాండూరు నాపరాయికి దేశమంతా దారి దొరికింది. వికారాబాదుకు ఇరవై కిలోమీటర్ల దూరాన ఉన్న పరిగికి పట్టాలు రాలేదు. అప్పటి నుంచి ఊళ్ళు రెండు జాతులయ్యాయి: స్టేషను ఉన్నవి, లేనివి.

1978లో మా పెదనాన్న బొంబాయిలో కాలం చేశారని తంతి వచ్చింది. అప్పటికే పొద్దు గూకింది, వికారాబాదు వెళ్ళే చివరి బస్సు వెళ్ళిపోయింది. నాన్న తెల్లవార్లూ అరుగు మీద కూర్చుని, మర్నాడు రైలెక్కి, మూడోనాడు చేరారు. అప్పటికి చితి చల్లారింది. ఏడువందల పైచిలుకు కిలోమీటర్ల రైలు దారి ఆయనను ఆపలేదు, ఆ ఇరవై కిలోమీటర్లే ఆపాయి.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం మొదలైంది. అక్కడి నుంచి ముంబయికి ఆకాశమార్గాన సుమారు 620 కిలోమీటర్లు, గంటన్నర లోపు ప్రయాణం. కొన్నేళ్ళ తరువాత అక్కయ్యకు ముంబయిలో ప్రాణం మీదికి వచ్చిందని కబురందితే నేను తెల్లవారుజామున కారులో బయలుదేరాను. మన్నెగూడ, చేవెళ్ళ దాటి శంషాబాదు చేరడం, అక్కడ తనిఖీలు, నిరీక్షణ, మళ్ళీ ముంబయి వీధుల రద్దీ, అన్నీ కలిపి ఏడు గంటలు పట్టాయి. అందులో గాలిలో ఉన్నది గంటంబావు మాత్రమే. అయినా మాట ఉండగానే అక్కయ్యను చూశాను.

వికారాబాదు నుంచి పరిగి మీదుగా కృష్ణా వరకు రైలు వేయాలన్న ప్రతిపాదన ఏళ్ళ తరబడి వింటున్నాను. విమానం ఉండగా రైలెందుకని అడిగేవారున్నారు. టిక్కెట్టు కొనగలిగాను కనుక నేను అక్కయ్యను చూడగలిగాను. కొనలేనివారికి బొంబాయి ఇప్పటికీ "రైలు దొరికితే ఒక రాత్రి" దూరంలోనే ఉన్నది.