షేర్వానీ అంచు

పోయిన ఏడాది మా తమ్ముడి కొడుకు పెళ్ళికి ముందు, మెదక్‌లోని మా పాత ఇంట్లో ఒక ట్రంకుపెట్టె తెరిచాము. కలరా ఉండల వాసన నడుమ, పాత పంచెలో చుట్టిన తాతగారి నల్లని షేర్వానీ కనబడింది. అబ్బాయి పెళ్ళికి దాన్నే తొడుక్కుంటానన్నాడు. భుజాలు చక్కగా అమరాయి గాని, పొడవు మాత్రం రెండంగుళాలు ఎక్కువైంది. బజారులో దర్జీకి చూపితే "కింద కత్తిరిస్తే సరి" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఇంటికి తెచ్చుకుని, అంచు విప్పడానికి నేనే కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం నా తలలో తిరిగిన సంగతులు మీతో పంచుకోవాలనిపించింది.

మన పెద్దల మర్యాద దుస్తులు చాలావరకు కుట్టనివి. పంచె, ఉత్తరీయం, చీర – వీటి అంచును సాలెవాడు మగ్గం మీదనే నేసి ఇస్తాడు. కత్తెర పడిన గుడ్డకు ఆ భాగ్యం లేదు. పోగులు జారిపోకుండా దాని అంచును ఎవరో ఒకరు మడిచి కుట్టవలసిందే. అయితే కొలువు కోసం కుట్టుబట్ట తొడగడం తెలుగువారికి కొత్త కాదు. శ్రీనాథుడి పేరున ప్రచారంలో ఉన్న ఒక చాటువులో, కన్నడ రాజ్యపు కొలువు కోసం ఆ మహాకవి కుళ్ళాయినీ కూర్పాసాన్నీ ధరించిన ప్రస్తావన వస్తుంది. ఇంటి దుస్తు ఒకటి, ప్రభువు ఎదుట నిలబడే దుస్తు మరొకటి అన్న విభజన అంత పాతది.

హైదరాబాదు రాజ్యంలో ఆ రెండో స్థానం షేర్వానీది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ (1869–1911), ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ (1911–1948) కాలాల్లో, మెడ దాకా గుండీలు పెట్టుకునే ఈ పొడవాటి కోటు ఉద్యోగికీ జాగీర్దారుకూ గుర్తుగా నిలిచింది. దానికి మతభేదం లేదు. హిందువులూ ముస్లిములూ తొడిగారు. గుల్షనాబాద్ అని కూడా పేరున్న మా మెదక్, ఆ రాజ్యంలో ఒక సుబాకు పేరిచ్చిన ఊరు. ఇక్కడి తాలూకా కచేరీలో తాతగారు గుమాస్తా. పొద్దున షేర్వానీ, సాయంత్రం పంచె. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసినా షేర్వానీ వెంటనే పోలేదు. 1952 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు గారిని ఛాయాచిత్రాలలో షేర్వానీతో చూడవచ్చు.

ఇంతవరకు అందరికీ తెలిసిన చరిత్రే. ఆ అంచు ఎవరు కుట్టారన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

మా ప్రాంతంలో బట్టలు కుట్టడం మేర కులస్థుల వృత్తి. కొలతలు తీయడం, కత్తిరించడం, మిషను మీద కుట్టడం వారి పని. సింగర్ తన కుట్టుమిషనుకు 1851లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఆ యంత్రాలు తరువాత మన పల్లెల దాకా వచ్చాయి. కాని మామూలు మిషను కుట్టు గుడ్డ పైభాగాన గీతలా కనబడుతుంది. షేర్వానీ కింది అంచున ఆ గీత కనబడితే అందం చెడుతుంది. అందుకే అక్కడ చేతికుట్టు. మా ఇంట్లో ఆ పని నాయనమ్మది.

నాకు నేర్పింది ఆవిడే. ముందు మడత పెట్టి ఇస్త్రీ చేయాలి. పొడుగాటి టాకాలు వేసి కదలకుండా నిలపాలి. దారానికి మైనం పూయాలి. సూది లోపలి మడతను పూర్తిగా పట్టాలి. పైగుడ్డలో మాత్రం ఒకటి రెండు పోగులనే తాకి తిరిగి రావాలి. దారం బిగిస్తే గుడ్డ ముడతపడుతుంది. అస్తరును విడిగా, అర అంగుళం పొట్టిగా కుట్టాలి. లేకపోతే అది పైగుడ్డను లాగుతుంది. "గుడ్డ కొయ్యొద్దు బిడ్డా, మడతవెట్టి కుట్టాలె" అనేది. కోసిన గుడ్డ మళ్ళీ రాదు. మడిచినది రేపు ఇంకొకరికి పనికొస్తుంది.

అంచు విప్పితే, లోపల దాగిన గుడ్డ ఎండ ఎరుగని నలుపుతో మెరిసింది. దాని మీద రెండు పాత మడతల గీతలు, తెగిన దారపు ముక్కలు కనిపించాయి. ఒకటి తాతగారి కొలత. రెండవది మా నాన్న తన పెళ్ళికి తొడుక్కున్నప్పటిది. రెండు చోట్లా ఒకే ఎడంతో, ఒకే వాలుతో సూది గుర్తులు.

నాయనమ్మకు అక్షరాలు రావు. తాతగారి ఉర్దూ సంతకాలు ఏ పాత రెవెన్యూ కాగితాల మీదనో ఉండవచ్చు. ఆవిడ చేతిరాత మాత్రం ఇదొక్కటే. పైన ఒక్క పోగు కూడా కనబడకపోవడమే అందులోని నైపుణ్యం. ఆ నైపుణ్యమే ఆవిడను చరిత్రకు కనబడకుండా చేసింది. కచేరీ గడప ఎన్నడూ తొక్కని మనిషి, కచేరీలో తాతగారి మర్యాదను నిలబెట్టింది.

ఆవిడ కుట్టు విప్పడానికి చేతులు చాలాసేపు ఆడలేదు. విప్పకుండా దాని మీదనే ఇంకో మడత వేస్తే అంచు మందమై బిగుసుకుపోతుంది. చివరికి విప్పాను. గుడ్డ మాత్రం కోయలేదు; మూడవ గీత వేసి కుట్టాను. నా కుట్లు ఆవిడ కుట్లంత సమంగా రాలేదు.

మీ ఇళ్ళలో పాత షేర్వానీ గాని కోటు గాని ఉంటే, ఒకసారి అంచు తిరగేసి చూడండి.