స్కానర్ బానే ఉంది, వైరుకే చోటు లేదు

ఇంట్లో పాత పెళ్లి నెగటివ్‌లు ఉన్నాయా? అయితే ఇది మీ కథే. వాటి రంగులు ఏటేటా వెలిసిపోతుంటాయి.

2001లో నికాన్ సూపర్ కూల్‌స్కాన్ 4000 అనే ఫిల్మ్ స్కానర్ తెచ్చింది. అంగుళానికి 4000 చుక్కలు. అంటే ఒక్క 35 ఎంఎం నెగటివ్ నుంచి దాదాపు 2 కోట్ల పిక్సెల్స్! లోపల బల్బు బదులు ఎల్‌ఈడీలు. ఇప్పటికీ పనిచేస్తున్నవి ఉన్నాయి. మరి చిక్కెక్కడ? వైరు దగ్గర.

అంతకుముందు మోడల్స్‌కి స్కజీ ఉండేది. ప్రతి పరికరానికీ ఓ నంబర్ ఇవ్వాలి, గొలుసు చివర టెర్మినేటర్ పెట్టాలి... అదో తలనొప్పి లెండి. 4000కి మాత్రం ఫైర్‌వైర్ ఇచ్చారు. సెకనుకు 400 మెగాబిట్లు. మొదటి తరం యూఎస్‌బీకి 12 మాత్రమే. అయినా చివరికి నిలిచింది యూఎస్‌బీనే!

ఫైర్‌వైర్‌ని యూఎస్‌బీకి కలిపే చిన్న ప్లగ్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు, కొనకండి. దూరుతుంది, పని చేయదు. ఆ రెండూ మాట్లాడుకునే భాషే వేరు. డెస్క్‌టాప్‌లో అయితే ఫైర్‌వైర్ కార్డు వేయాలి. మ్యాక్‌లో థండర్‌బోల్ట్ అడాప్టర్‌తో నడిచేది, 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో ఆ దారీ మూసేసింది.

నికాన్ సొంత సాఫ్ట్‌వేర్ ఎప్పుడో ఆగిపోయింది. 1998లో ఎడ్ హామ్‌రిక్ మొదలుపెట్టిన వ్యూస్కాన్ ఇంకా ఈ మెషీన్లని గుర్తుపడుతోంది. నేనైతే ఓ పాత ల్యాప్‌టాప్‌ని అప్‌డేట్ చేయకుండా దీనికోసమే పక్కన పెట్టేశా. అమ్మమ్మవాళ్ల రోల్స్ ఇంకా మూడు మిగిలాయి.