సింహళము నుండి వినవచ్చిన స్వరము

1952వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీ, బుధవారము. రాత్రి 8 గంటలకు కొలంబోలోని రేడియో సిలోన్ నుండి అరగంట కాలపు హిందీ పాటల కార్యక్రమమొకటి ప్రసారమైనది. అందు వినిపించినవి ఏడు సినిమా పాటలు. వానిని సరియైన క్రమమున అమర్చి వ్రాసి పంపిన శ్రోతలకు 100 రూపాయల బహుమానము. ఖర్చు భరించినది బినాకా టూత్‌పేస్టు తయారుచేయు కంపెనీ. పాటలను పరిచయము చేసిన యువకునకు 20 ఏండ్లు నిండుటకు ఇంకను కొన్ని దినములు మిగిలియుండెను. కార్యక్రమము పేరు బినాకా గీత్‌మాలా. ఆ యువకుడు శ్రీ అమీన్ సయానీ.

మాటలు కూర్చుట, చదువుట, వచ్చిన ఉత్తరములను విప్పి సరిచూచుట - ఈ పనులన్నిటికిని ఆయనకు లభించినది వారమునకు 25 రూపాయలు. తొలి ప్రసారమునకే 9,000 ఉత్తరములు వచ్చినవనియు, ఏడాది తిరుగునప్పటికి వారమునకు 65,000 వరకు పెరిగినవనియు ఆయన తరువాతి కాలమున చెప్పుచుండెడివారు. ఒక చిన్న వినోద కార్యక్రమమునకు ఇంతటి స్పందన యేల కలిగినదో తెలియవలెనన్న, ఆనాడు ఢిల్లీలో జరిగిన ఒక నిర్ణయమును ముందుగా తెలిసికొనవలెను.

1952లో శ్రీ బాలకృష్ణ విశ్వనాథ కేస్కర్ కేంద్రప్రభుత్వమున సమాచార, ప్రసార శాఖామాత్యులైరి. 1962 వరకు వారు ఆ పదవియందుండిరి. శాస్త్రీయ సంగీతమున వారికి గాఢమైన అభిమానము. సంస్థానములు అంతరించుటతో విద్వాంసులకు ఆశ్రయము కరవైనదనియు, ఆ లోటును రేడియో తీర్పవలెననియు వారి యభిప్రాయము. పాశ్చాత్య బాణీలను అనుకరించు సినిమా పాట ప్రజల అభిరుచిని చెరచుచున్నదని వారు నమ్మిరి. అందుచేత ఆలిండియా రేడియోలో సినిమా పాటలకిచ్చు కాలము తగ్గింపబడెను. పాటలను వడపోసి ఎన్నుకొనుట ప్రారంభమయ్యెను. చిత్రము పేరు చెప్పుట వ్యాపార ప్రకటన యగునని దానిని మానిరి. చిత్రనిర్మాతలు కినుక వహించి ప్రసారానుమతులను ఉపసంహరించుకొనిరి. ఆ విధముగా దేశమంతట జనుల నోట నాడుచున్న పాట దేశపు రేడియోనుండి దాదాపు అదృశ్యమైనది.

ఆ సమయముననే సముద్రమున కావల ఒక బలమైన ప్రసారయంత్రము సిద్ధముగా నుండెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆగ్నేయాసియాలోని మిత్రరాజ్యముల సైనికుల కొరకు సింహళమున ఒక రేడియో కేంద్రము నెలకొల్పబడినది. 100 కిలోవాట్ల శక్తిగల దాని షార్ట్‌వేవ్ యంత్రము యుద్ధానంతరము సింహళ ప్రభుత్వము పరమైనది. 1950లో అచటివారు దానిని వినియోగించి వ్యాపార ప్రసారములు ఆరంభించిరి. కొలంబో ప్రణాళిక క్రింద ఆస్ట్రేలియానుండి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ ఆ శాఖను నడిపెను. సైనికుల వినోదమునకై పుట్టిన యంత్రము ఆ విధముగా భారతదేశమందలి సామాన్య గృహస్థుల సొత్తయినది. గీత్‌మాలా బొంబాయిలోనే తయారై, రికార్డు చేసిన టేపులు విమానములో కొలంబో చేరి, అచటనుండి మరల మన యిండ్లకు వచ్చుచుండెను. మన పాటను మనము విదేశము ద్వారా వినవలసి వచ్చెను.

అయినను అది కేవలము యంత్రబలముచే కలిగిన విజయము కాదు. సినిమా పాటలు కొలంబోనుండి రోజంతయు వచ్చుచునే యుండెను. బుధవారము రాత్రి జనులు ప్రత్యేకముగా కాచుకొనియుండుటకు కారణము ఆ స్వరము, ఆ భాష.

అమీన్ సయానీగారు 1932 డిసెంబరు 21వ తేదీన బొంబాయిలో జన్మించిరి. అన్న హమీద్ సయానీ ఆంగ్ల ప్రసారములలో ప్రసిద్ధులు. బాలుడైన తమ్ముని రేడియో కేంద్రమునకు గొనిపోయి ఆ విద్య నేర్పినవారు ఆయనయే. తల్లి కుల్సుమ్ సయానీ జాతీయోద్యమమునను వయోజన విద్యాప్రచారమునను పాల్గొన్న విదుషి. గాంధీమహాత్ముని ప్రోత్సాహముతో ఆమె 1940లో ‘రహ్‌బర్’ అను పక్షపత్రికను స్థాపించిరి. క్రొత్తగా అక్షరములు నేర్చినవారికై ఆ పత్రిక సులభమైన హిందుస్తానీలో, దేవనాగరి, ఉర్దూ, గుజరాతీ లిపులు మూడింటను వెలువడుచుండెను. ఆ పత్రిక పనిలో తల్లికి తోడుపడుచు పెరిగిన బాలునకు, అక్షరాస్యుడును నిరక్షరాస్యుడును సమానముగా గ్రహింపగల మాట యేదియో చిన్ననాడే తెలిసినది.

ఆ శిక్షణ గీత్‌మాలాయందు ఫలించెను. సంస్కృత సమాసములతో నిండిన హిందీ కాదు, పారశీక పదములతో బరువెక్కిన ఉర్దూ కాదు. బజారులోను, రైలుబండిలోను, వంటయింటిలోను వినవచ్చు హిందుస్తానీ ఆయన భాష. సభలలో సోదరులను ముందు, సోదరీమణులను వెనుక సంబోధించు అలవాటున్న కాలమున ఆయన ‘బెహనోఁ ఔర్ భాయియోఁ’ అని అక్కచెల్లెండ్రనే ముందుగా పిలిచిరి. పాటల వరుసను తెలుపుటకు స్థానమనక ‘పాయ్‌దాన్’ అనిరి. పాయ్‌దానన మెట్టు. ఒక పాట ఈవారము రెండు మెట్లెక్కినది, మరియొకటి ఒక మెట్టు దిగినదని ఆయన చెప్పుచుండగా, శ్రోతకు పందెము చూచుచున్నంతటి ఉత్కంఠ కలుగుచుండెను. మాటల నడుమ నవ్వు, పాటకు ముందొక క్షణము మౌనము - ఇవి యన్నియు ఎదుట కూర్చున్న బంధువుతో ముచ్చటించురీతిగా నుండెడివి.

గీత్‌మాలా 1954నుండి ప్రజాదరణ ననుసరించి పాటలకు వరుస నిర్ణయించు కార్యక్రమముగా మారినది. గ్రామఫోను రికార్డుల అమ్మకములు, శ్రోతల సంఘముల యభిప్రాయములు అందులకు ఆధారములు. ఊరూర శ్రోతల సంఘములు వెలసినవి. అభ్రకపు గనులకు పేరొందిన ఝుమ్రీ తలైయా అను చిన్నపట్టణము తన శ్రోతలు వ్రాయు ఉత్తరముల వలననే దేశమంతట ప్రసిద్ధికెక్కినది. వార్తాపత్రికలలో ఎన్నడును పేరు పడని మనుష్యుడు తన పేరు, తన యూరిపేరు రేడియోలో వినగలుగుట ఆ రోజులలో సామాన్య విషయము కాదు.

ఈ లెక్కకు లోపములు లేకపోలేదు. ఎక్కువ అమ్ముడైన పాటయే ఉత్తమమైనదని చెప్పజాలము; మెట్లెక్కని మంచిపాటలెన్నియో కలవు. అంతయు ఒక దంతధావన వస్తువు నమ్ముకొనుటకై జరిగిన పనియే కదా యని ఆక్షేపించినను కాదనుటకు వీలులేదు. అట్లే కేస్కరుగారి పక్షమున చెప్పవలసినదియు కలదు. 1952 జూలైలో జాతీయ సంగీత కార్యక్రమము, 1954లో రేడియో సంగీత సమ్మేళనము వారి కాలముననే ఆరంభమైనవి. వానివలన ఉత్తరాది విద్వాంసుల గానము దక్షిణాదికి, దక్షిణాదివారి గానము ఉత్తరాదికి చేరినది. సినిమా పాటకు బదులుగా వారు ప్రోత్సహించిన లలితసంగీతము తెలుగునాట మంచి ఫలములనిచ్చినది. 1948లో స్థాపితమైన విజయవాడ కేంద్రమున శ్రీ బాలాంత్రపు రజనీకాంతరావుగారి వంటి వాగ్గేయకారుల కృషితో లలితగీతములు, భక్తిరంజని తెలుగువారి ఉదయములలో భాగమైపోయినవి. ఆశ్రయమిచ్చుటలో కేస్కరుగారు కృతకృత్యులు. నిషేధించుటలో మాత్రము విఫలులు. ప్రభుత్వము ఏది ప్రసారము చేయవలెనో నిర్ణయింపగలదు. ఇంటిలో రేడియో మీట త్రిప్పు చేతిని మాత్రము ఆపజాలదు.

ఈ సత్యమును ప్రభుత్వమును గ్రహించినది. 1957 అక్టోబరులో, కేస్కరుగారు మంత్రిగా నుండగనే, సినిమా పాటలకు చోటిచ్చు వివిధభారతి ప్రారంభమైనది. 1967లో అందు వ్యాపార ప్రకటనలకును అనుమతి లభించెను. తుదకు 1989లో గీత్‌మాలాయే వివిధభారతికి తరలివచ్చి 1994 వరకు సాగెను. విదేశమునుండి వచ్చిన పాట ముప్పదియేడేండ్లకు స్వగృహము చేరినది.

రేడియో సిలోన్‌తో తెలుగువారికి మరియొక అనుబంధము కలదు. ఆ కేంద్రమునుండి తెలుగు సినిమా పాటలును ప్రసారమగుచుండెడివి. వానిని తెలుగుమాటలతో వినిపించిన శ్రీమతి మీనాక్షి పొన్నుదురై పేరు ఒక తరము శ్రోతలకు సుపరిచితము. షార్ట్‌వేవ్ హోరులో స్వరము దగ్గరకు వచ్చుచు దూరమగుచుండగా, రేడియో పెట్టెకు చెవి యానించి విన్నవారికి ఆమె అనౌన్సరు మాత్రమే కాదు. సముద్రమున కావలనుండి పలుకరించు ఆడపడుచు.

ఉద్యోగార్థము ఢిల్లీ, బొంబాయి నగరములు చేరిన ఆంధ్ర కుటుంబములకు సయానీగారి స్వరము ఇంకొక మేలు చేసినది. దక్షిణభారత హిందీ ప్రచార సభ వారి పరీక్షలలో ఉత్తీర్ణులై వచ్చినవారికి వ్యాకరణము తెలియును. కూరలబండివానితో బేరమాడుట తెలియదు. ఆఫీసు ఉత్తరువులలోని హిందీ అందుకు పనికిరాదు. గీత్‌మాలా వినుచు పాటల పల్లవులతో పాటు నుడికారమును పట్టుకొన్న గృహిణులు, పిల్లలు ఎందరో కలరు. రాజ్యాంగమున హిందీ అభివృద్ధికి ప్రత్యేకముగా 351వ అధికరణము కలదు. కాని హిందీ రానివారికి హిందీపై ప్రీతి కలిగించుటలో ఆ అధికరణముకంటె బుధవారపు అరగంట తక్కువ పని చేయలేదు.

సయానీగారికి 2009లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 2024 ఫిబ్రవరి 20వ తేదీన, 91 ఏండ్ల వయస్సున, ముంబయిలో వారు పరమపదించిరి. నేడు పాటకై వారమంతయు కాచుకొనవలసిన పనిలేదు. కోరిన పాట కోరిన క్షణమున చేతిలోని ఫోనులో వినవచ్చును. పాట సులభమైనది, దానిని అందరును ఒకే ఘడియయందు కలిసి వినుట మాత్రము అరుదైనది. వృద్ధులు ఆ బుధవారములను తలచుకొన్నప్పుడు వారు కోరుచున్నది పాటలను మాత్రమే కాదు. ఇంటిల్లిపాదియు ఒక పెట్టె చుట్టును చేరిన ఆ అరగంటను.

స్వస్థలమునకు దూరముగా పెరుగు పిల్లలకు తెలుగు నేర్పవలెనని ప్రవాసాంధ్ర సంఘములన్నియు తహతహలాడుచున్నవి. తరగతులు పెట్టవచ్చును, పోటీలు జరుపవచ్చును, అవి యవసరమే. ఐనను కుల్సుమ్ సయానీ పత్రికయు, ఆమె కుమారుని స్వరమును చెప్పు పాఠమును మరువరాదు. భాషగాని, సంగీతముగాని ఆజ్ఞచే ఇంటిలోనికి ప్రవేశింపదు. ఎదుటివానిని పేరుపెట్టి పిలిచి, వాని మాటకు విలువనిచ్చి, వానికి తెలిసిన పలుకులలో మాటాడినప్పుడు తలుపు తానే తెరచుకొనును. విన్న పిల్లవానికి బదులు పలుకవలెనన్న కోరిక పుట్టించు భాష బ్రదుకును.