అమృతాంజనం సీసా, మాత్రల ముక్క

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. ఆంధ్రపత్రికకు, భారతికి ఊపిరిపోసినది ఆ లేపనం తెచ్చిన ధనమే. మా బాల్యంలో డెల్టా గ్రామాలలో తలనొప్పికి మందంటే అదే. ఎంత రాయాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ఎక్కువైతే కళ్లు మండేవి, అంతే.

ఆ నిశ్చింతనే మనం మాత్రలకూ అంటగట్టామని నా అభిప్రాయం. 1899లో జర్మనీలో బేయర్ కంపెనీ ఆస్పిరిన్‌ను, 1956లో బ్రిటన్‌లో పనడాల్ పేరుతో 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌ను విడుదల చేశారు. మోతాదు మించితే మొదటిది కడుపులో రక్తస్రావం కలిగిస్తుంది, రెండవది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అయినా మన ఔషధ నిబంధనలలోని షెడ్యూల్ కె, మందుల షాపు లేని చిన్న గ్రామాలలో లైసెన్సు లేకుండా అమ్మదగిన ఇంటి మందులలో నొప్పి లేపనాలను, ఈ రెండు మాత్రలను కలిపే చేర్చింది. అయితే ఒక షరతు ఉంది: కంపెనీ ప్యాకింగు విప్పకుండా అమ్మాలి. పట్టణంలో మనం చేసేది చూడండి. రెండు మాత్రలడిగితే కత్తెరతో ముక్క కోసి ఇస్తారు. లేబుల్ షాపులోనే ఉండిపోతుంది.

ఆ మధ్య భవానీపురంలో మా పొరుగింటి పెద్దావిడ అలాంటి ముక్కలు మూడు నా బల్లమీద పరిచారు.

“మూడూ వేరు వేరు మందులే కదండీ డాక్టరుగారూ?” అన్నారు.

పూర్తి స్ట్రిప్పులు తెప్పించి చదివాను. జ్వరం మాత్రలో 650, జలుబు మాత్రలో 500, తలనొప్పి మాత్రలో 250 మిల్లీగ్రాముల పారాసిటమాల్! మొదటి రెండూ రోజుకు మూడేసి, మూడవది నాలుగు. మొత్తం 4,450. ఆరోగ్యవంతులైన పెద్దలకే రోజుకు 4,000 దాటరాదు. బక్కపలచని వృద్ధులకు, మద్యం అలవాటున్నవారికి ఇంకా తక్కువ.

2018లో వచ్చిన నిబంధన ప్రకారం మందు అసలు పేరు బ్రాండు పేరుకంటే పెద్ద అక్షరాలలో ఉండాలి. కాని మూడు, అంతకు మించి మందులు కలిసిన మాత్రలకు మినహాయింపు ఇచ్చారు. తలనొప్పి మాత్రలలో పేరుమోసినవి కొన్ని సరిగ్గా ఆ కోవలోవే. వాటిలో కెఫీన్ కూడా ఉంటుంది. పార్శ్వపు నొప్పికి ఇటువంటి మిశ్రమ మాత్రలు నెలకు పది రోజులు, ఆపైన, నెలల తరబడి వాడితే ఆ మాత్రల వల్లనే తలనొప్పి రావచ్చు.

ఆవిడకు ఇంగ్లీషు రాదు. ‘పారాసిటమాల్’ అన్న మాట ఇంగ్లీషు అక్షరాలలో ఎలా ఉంటుందో ఒక చీటీమీద పెద్దగా రాసి, కింద తెలుగులో చదివే తీరు రాసిచ్చాను. ఇప్పుడు షాపులో ఆ చీటీ పక్కన పెట్టి పోల్చుకుంటున్నారట. షాపు కుర్రవాడు విసుక్కుంటున్నాడని నాతో ఫిర్యాదు చేశారు.