ఒకే జత స్పీకర్లకు రెండు కంప్యూటర్లను కలపడం

గదిలో రెండు కంప్యూటర్లు ఉండి, స్పీకర్లు మాత్రం ఒక్క జతే ఉండడం మన సరిహద్దు పల్లెల బడులలోను, ఇళ్ళలోను తరచుగా కనిపించే విషయమే. 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చిన పిమ్మట అక్కడి తెలుగు పిల్లలు రెండు భాషలనూ నేర్వవలసి వచ్చినది. ఒక కంప్యూటరులో తెలుగు పద్యాలు, మరొకదానిలో తమిళ ఉచ్చారణ పాఠాలు పెట్టుకొన్నచోట మాటిమాటికీ పిన్ను ఊడదీసి మార్చవలసి ఉంటుంది. అలా మార్చగా మార్చగా సాకెట్టు వదులై ఒక ప్రక్క స్పీకరు మూగబోతుంది.

వెంటనే తోచే ఉపాయం, అంగడిలో దొరికే రెండు కొమ్మల వైరు తెచ్చి రెండు కంప్యూటర్లనూ కలిపివేయడం. ఇది తగదు. ఆ వైరు ఒక కంప్యూటరు ధ్వనిని రెండు హెడ్‌ఫోన్లకు పంచడానికి ఉద్దేశించినది. రెండు అవుట్‌పుట్లను నేరుగా కలిపినచో ఒకదాని నుండి వెలువడిన విద్యుత్తు స్పీకరుకు పోవుటకు బదులు రెండవదానిలోనికి పోతుంది. ధ్వని సన్నగిల్లుతుంది, బొంగురుపోతుంది. సౌండ్ కార్డు చెడిపోవచ్చును. ఈ పొరపాటు నేనూ చేసి, ఒక కంప్యూటరు ధ్వనిని పోగొట్టుకొన్నవాడనే.

అన్నిటికన్న సులభమైనది మార్పిడి స్విచ్చి. ఎడమ, కుడి ధ్వనులు రెండూ ఒక్కసారే మారవలెను గనుక రెండు పోళ్ళు, రెండు దారులు గల స్విచ్చిని అడిగి తీసుకోవాలి. మూడున్నర మిల్లీమీటర్ల పిన్నులో కొన ఎడమ ధ్వనికి, నడిమి ఉంగరం కుడి ధ్వనికి, మొదలు భాగం ఉమ్మడి తీగకు చెందినవి.

రెండు ధ్వనులూ ఒకేసారి వినవలెనన్నచో నాలుగు నిరోధకాలు, అనగా రెసిస్టర్లు, చాలును. ప్రతి కంప్యూటరు ఎడమ, కుడి తీగలలో ఒక్కొక్క వేయి ఓముల నిరోధకాన్ని పెట్టి, ఆ తరువాతనే ఎడమలను ఎడమలతో, కుడులను కుడులతో కలపాలి. ఉమ్మడి తీగలను నేరుగా కలుపవచ్చును. ధ్వని బలం సుమారు సగానికి తగ్గుతుంది, కనుక స్పీకరు మీటను కొంత పెంచుకోవాలి. ఈ పద్ధతి కరెంటుతో పనిచేసే కంప్యూటరు స్పీకర్లకు మాత్రమే. పెద్ద ఆంప్లిఫయరు నుండి స్పీకరుకు పోయే తీగలకు ఎంతమాత్రం పనికిరాదు.

డెస్క్‌టాప్ వెనుక నీలిరంగు లైన్ ఇన్ సాకెట్టు ఉన్నచో టంకం పని కూడా అక్కరలేదు. రెండవ కంప్యూటరు ఆకుపచ్చ సాకెట్టు నుండి ఈ నీలిరంగు దానికి వైరు కలిపి, విండోస్ రికార్డింగ్ అమరికలలో లైన్ ఇన్ ప్రాపర్టీస్ తెరచి, లిసన్ అనే పుటలో గడిని గుర్తించాలి. మొదటి కంప్యూటరు ఆన్‌లో ఉండవలెననునది ఇందలి ఇబ్బంది. గులాబీరంగు సాకెట్టు మైకుది, దానిలో పెట్టరాదు. నేటి లాప్‌టాప్‌లలో అధికభాగానికి లైన్ ఇన్ లేదు.

కలిపిన తరువాత గుయ్యిమను శబ్దం వచ్చినచో, లాప్‌టాప్ చార్జరు తీసి చూడవలెను. శబ్దం ఆగినచో ఎర్తు తీగల ద్వారా ఏర్పడిన వలయమే కారణం. రెండు యంత్రాలనూ ఒకే పలకలో ప్లగ్గు చేయాలి. అప్పటికీ పోకున్న ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరును నడుమ అమర్చాలి. కొందరు ప్లగ్గులోని పెద్ద పిన్నును విరిచివేస్తారు. శబ్దం పోయినా, ఆ పిమ్మట లోపల తీగ తెగి పెట్టెకు తగిలినచో ముట్టుకొన్న పిల్లవానికి షాకు కొడుతుంది.