థర్మల్ ప్రొటియోమ్ ప్రొఫైలింగ్

ఒక మందు కణంలోని ఏయే ప్రొటీన్లకు అంటుకుంటుందో, వేలాది ప్రొటీన్లను ఒకేసారి పరీక్షించి తేల్చే పద్ధతి థర్మల్ ప్రొటియోమ్ ప్రొఫైలింగ్ (టీపీపీ). జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పనిచేస్తున్న మిఖాయిల్ సవిట్‌స్కీ, ఆయన సహచరులు 2014లో సైన్స్ పత్రికలో దీన్ని ప్రకటించారు. అంతకు ముందు ఏడాది స్వీడన్‌లో పేర్ నోర్డ్‌లుండ్ బృందం రూపొందించిన ‘సెట్సా’ అనే పద్ధతి దీనికి పునాది.

వేడి తగిలితే ప్రొటీన్ మడతలు విచ్చుకుని, పక్కవాటితో చిక్కుపడి గడ్డకడుతుంది. కోడిగుడ్డు తెల్లసొన ఉడికినప్పుడు జరిగేదీ ఇదే. ఏదైనా చిన్న అణువు ప్రొటీన్‌లో కుదురుకుంటే చాలాసార్లు ఆ నిర్మాణం గట్టిపడి, గడ్డకట్టడానికి మరికొంత వేడి అవసరమవుతుంది. సెట్సా తొలి ప్రయోగాల్లో మెథోట్రెక్సేట్ తగిలిన డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ ఎంజైమ్ ఇలాగే వేడికి నిలిచింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో నడిపించిన పరిశోధన నుంచి వచ్చిన మందే ఈ మెథోట్రెక్సేట్. అయితే సెట్సాలో ఒక్కో ప్రొటీన్‌నూ దాని యాంటీబాడీతో వెతకాలి, అంటే దేన్ని వెతకాలో ముందే తెలియాలి. టీపీపీ ఆ అవసరాన్ని తీసేసింది. దాని అసలు విలువ అక్కడే ఉంది.

మందు కలిపిన కణాలను, కలపని కణాలను చెరో పది భాగాలు చేసి, 37 నుంచి 67 డిగ్రీల సెల్సియస్ మధ్య ఒక్కో భాగాన్ని ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర కొద్ది నిమిషాలు ఉంచుతారు. గడ్డకట్టినవి సెంట్రిఫ్యూజ్‌లో అడుక్కి చేరతాయి. పైన మిగిలిన తేటలోని ప్రొటీన్లను ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి, ఒక్కో ఉష్ణోగ్రతకు ఒక్కో రసాయన గుర్తు తగిలించి, పదింటినీ కలిపేస్తారు. ఈ గుర్తులన్నిటి మొత్తం బరువు ఒకటే. అందుకే ఒకే ముక్క పది నమూనాల నుంచి వచ్చినా మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి ఒక్కటిగానే వెళ్తుంది. లోపల దాన్ని పగలగొట్టినప్పుడు మాత్రం వేర్వేరు బరువుల చిన్న అయాన్లు విడివడతాయి. ఏ అయాను ఎంత ఉందో చూస్తే, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత ప్రొటీన్ కరిగి మిగిలిందో తెలుస్తుంది. ఆ పది బిందువులను కలిపితే ప్రతి ప్రొటీన్‌కూ ఒక కరుగు వక్రరేఖ వస్తుంది.

ఇక్కడి నుంచి భారమంతా గణాంకశాస్త్రానిదే. ఒక ప్రయోగంలో 5,000 ప్రొటీన్లు కొలిచి, ఒక్కోదానికి 5 శాతం పొరపాటు ఫరవాలేదనుకుంటే, మందు దేనికీ అంటకపోయినా సుమారు 250 ప్రొటీన్లు అంటినట్టే కనిపిస్తాయి. అందుకే బెంజమినీ, హోచ్‌బర్గ్ 1995లో ఇచ్చిన పద్ధతితో ఎంపికైన జాబితాలో తప్పుల వాటాను అదుపు చేస్తారు. రెండో చిక్కు కొలమానానిది. మొదట్లో, ప్రొటీన్ సగానికి తగ్గే ఉష్ణోగ్రత ఎంత జరిగిందన్నదే చూసేవారు. మరీ వేడికి కూడా సగానికి దిగని ప్రొటీన్లకు ఆ అంకె దొరకదు, అవి లెక్కలోంచే జారిపోతాయి. 2019లో డొరోథీ చైల్డ్స్, వోల్ఫ్‌గాంగ్ హూబర్, సవిట్‌స్కీ తదితరులు ప్రకటించిన ‘ఎన్‌పార్క్’ మొత్తం వక్రరేఖలనే పోలుస్తుంది. మందు ఉన్న, లేని బిందువులన్నిటికీ ఒకే రేఖ సరిపోతుందా, రెండు రేఖలు గీస్తే మిగిలే దోషం చెప్పుకోదగినంత తగ్గుతుందా అని అడుగుతుంది. ఒకే రేఖలోని బిందువుల దోషాలు పరస్పరం స్వతంత్రం కావు గనుక, పాఠ్యపుస్తకంలోని ఎఫ్-పరీక్షను యథాతథంగా వాడకుండా దాని స్వేచ్ఛాంకాలను దత్తాంశం నుంచే అంచనా వేస్తుంది.

2014 పరిశోధనలోనే స్టౌరోస్పోరిన్ అనే అణువుకు 50కి పైగా లక్ష్యాలు బయటపడ్డాయి. అంతకన్నా ముఖ్యమైనది ఫెరోకెలటేజ్ సంగతి. హీమ్ తయారీలో చివరి మెట్టు ఈ ఎంజైమ్‌ది. మెలనోమా మందు వెమురాఫెనిబ్, ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు అలెక్టినిబ్ దీనికీ అంటుకుంటున్నాయని తేలింది. ఫెరోకెలటేజ్ కుంటుపడితే ప్రొటోపోర్ఫిరిన్ పేరుకుపోయి, చర్మం వెలుతురు తగిలితే మండుతుంది. ఈ మందులు వాడేవారికి ఎండ పడకపోవడానికి కారణం ఇదే కావచ్చని పరిశోధకులు సూచించారు. కైనేజ్‌లనే ఎంజైమ్‌లను అడ్డుకోవడానికి చేసిన ఇలాంటి మందు హీమ్ ఎంజైమ్‌కు అంటుకుంటుందని ఎవరు ఊహించి వెతుకుతారు?

వక్రరేఖ జరిగినంత మాత్రాన మందు నేరుగా అంటిందని చెప్పలేం. బతికున్న కణాల్లో మందు ప్రభావం గొలుసుకట్టుగా పాకి, మరో ప్రొటీన్ స్థిరత్వాన్ని మార్చవచ్చు. కణాలను చితక్కొట్టి తీసిన ద్రవంలోనూ ప్రయోగం చేసి రెండింటినీ సరిచూస్తారు. మందు అంటుకున్నా స్థిరత్వం మారని ప్రొటీన్లు ఈ వలకు చిక్కవు. అలాంటి చోట జ్యూరిక్‌లో పావోలా పికోట్టి బృందం అభివృద్ధి చేసిన ‘లిప్-ఎంఎస్’ అక్కరకొస్తుంది. అందులో వేడికి బదులు ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌ను కొద్దిసేపు వదిలి, అణువు అంటుకున్న చోట కోతలు ఎలా మారాయో మాస్ స్పెక్ట్రోమీటర్‌తో చూస్తారు.