కుంపటిలో కాలిన గ్రంథము

క్రీస్తుకు పూర్వము 604వ సంవత్సరము చివరి దినములు. యెరూషలేము పట్టణములో చలికాలము. యూదా రాజైన యెహోయాకీము తన శీతకాలపు మేడలో కుంపటి ముందు కూర్చుండి యున్నాడు. యెహూది అను కొలువు ఉద్యోగి గ్రంథపు చుట్ట నొకదానిని విప్పి బిగ్గరగా చదువుచున్నాడు. మూడు నాలుగు పుటల మేర చదువు సాగునంతలో రాజు చేయి చాచి, లేఖకులు కలము చెక్కుకొను చాకుతో చదివిన భాగమును కోసి నిప్పులలో పడవేయుచున్నాడు. మరల చదువు; మరల కోత; మరల మంట. గ్రంథమంతయు బూడిద యగువరకు ఇట్లే జరిగినదని యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయము తెలుపుచున్నది.

చదివి వినిపించుటయే వృత్తిగా గల మేము ఈ ఘట్టమునకు వచ్చినప్పుడెల్ల రాజునుగాక యెహూదిని తలచుకొందుము. చేతిలోని ప్రతి కాలుచుండగా మిగిలినదానిని గొంతు వణకకుండ చదువవలసినవాని స్థితి యెట్టిదో! అతడేమి తలచినాడో గ్రంథకర్త చెప్పలేదు. ఆయన చెప్పినది మరియొకటి. అంత విన్న తరువాతను రాజునకుగాని, చుట్టునున్న కొలువువారికిగాని భయము పుట్టలేదట. ఒక్కరును బట్టలు చింపుకొనలేదట.

బట్టలు చింపుకొనకపోవుటను పనిగట్టుకొని వ్రాయనేల? హెబ్రీయులలో ఆప్తుని మరణవార్త విన్నవాడు పైవస్త్రమును చింపుకొనును, గోనెపట్ట కట్టుకొనును, తలపై దుమ్ము పోసికొని ఉపవసించును. యోసేపు చనిపోయినాడని నమ్మిన యాకోబు బట్టలు చింపుకొని గోనెపట్ట కట్టుకొన్నది ఇందుకే. తమ పాపము తమకు తెలిసివచ్చినప్పుడును వారు సరిగా ఈ చిహ్నములనే వాడినారు. పాపమునకని ప్రత్యేకమైన వేషము వారికి లేదు. మా దృష్టిలో ఇది మిక్కిలి ముఖ్యమైన సంగతి. పాపమును వారు ఇంటిలో జరిగిన చావుగా ఎంచినారు. చావువార్త విని కదలనివానిని గూర్చి ఊరివారు ఏమనుకొందురో, హెచ్చరిక విని కదలని రాజును గూర్చి ఆ గ్రంథకర్త అదే అనుకొన్నాడు.

హెబ్రీ మూలములో మరియొక సూక్ష్మమున్నది. రాజు గ్రంథమును కోయుటకును, బట్టలు చింపుకొనుటకును అచట వాడినది ఒకే క్రియ. చదువుట అను అర్థముగల క్రియయు చెవికి దాదాపు అట్లే వినబడును. చివరి హల్లులో మాత్రమే భేదము. చదువు విని చింపుకొనవలసినది తన వస్త్రము. రాజు చింపినది గ్రంథము. ఇట్లు వ్రాసినవాని మనసులో మరియొక రాజు మెదలుచున్నాడనుటలో మాకు సందేహము లేదు. ఆ రాజు ఈ యెహోయాకీమునకు కన్నతండ్రి.

అతని పేరు యోషీయా. ఎనిమిదవ యేట సింహాసనమెక్కినాడు. తన పాలనలో 18వ సంవత్సరమున, అనగా క్రీ.పూ. 622లో, దేవాలయమునకు మరమ్మతులు చేయించుచుండగా ప్రధాన యాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథమొకటి దొరికినది. రాజలేఖకుడగు షాఫాను మొదట పనివారికిచ్చిన వెండి లెక్క చెప్పి, ఆ పిమ్మట మాటలో మాటగా గ్రంథము సంగతి యెత్తి, రాజు ఎదుట చదివినాడు. ఇది ద్వితీయోపదేశకాండమో, దాని ప్రాచీన రూపమో అయియుండునన్న అభిప్రాయము 1805లో డి వెట్టె అను జర్మను పండితుని సిద్ధాంతవ్యాసము మొదలుకొని బలపడుచు వచ్చినది. ఆజ్ఞలు మీరిన జాతికి వాటిల్లు శాపముల పట్టిక ఆ కాండములో భయంకరముగా నుండును. యోషీయా విన్నాడు, బట్టలు చింపుకొన్నాడు, కన్నీరు పెట్టినాడు. దీని యర్థమేమో కనుగొని రండని హిల్కీయాను, షాఫానును, షాఫాను కుమారుడగు అహీకామును, మరి యిద్దరిని పంపినాడు. వారు వెళ్లినది హుల్దా అను ప్రవక్త్రి యింటికి. ఆమె వస్త్రశాలాధికారి భార్య. పట్టణములోని రెండవ భాగమున కాపురముండెడిది.

హుల్దా ఇచ్చిన జవాబు మెత్తనిది కాదు. ఈ స్థలముమీదికి రావలసిన కీడు వచ్చితీరును. అయితే రాజు మనసు మెత్తబడి ఏడ్చినాడు గనుక అతడు దానిని కన్నులార చూడడు. ఇదియే ఆమె చెప్పిన దాని సారాంశము. ఏడ్చినందువలన పట్టణము తప్పించుకొనలేదన్నమాట! ఇట్టి జవాబు విన్న రాజు, నా కాలము గడచిన చాలునని ఊరకుండవచ్చును. యోషీయా ఊరకుండలేదు. పిన్నలను పెద్దలను దేవాలయమునకు రప్పించి ఆ గ్రంథమును వారికి వినిపించినాడు, నిబంధన చేయించినాడు, అన్యదేవతల బలిపీఠములను తీయించినాడు, పస్కా పండుగను ఆచరింపజేసినాడు. ఆ సంస్కరణలలో కాఠిన్యము లేకపోలేదు. ఉన్నతస్థలముల యాజకులు కొందరు ప్రాణములు కోల్పోయినారు. దానిని మేము మెచ్చుకొనజాలము. ఫలము దక్కదని తెలిసియు చేసిన పశ్చాత్తాపము మాత్రము చరిత్రలో అరుదైనదని ఒప్పుకొనవలెను.

ఇచ్చట ప్రవక్త అను మాటను గూర్చి కొంత చెప్పవలసియున్నది. మనవారికి ఈ మాట వినగానే జోస్యము స్ఫురించును. జోస్యము ఫలించినచో జ్యోతిష్కునికి కీర్తి, ఫలింపనిచో నగుబాటు. హెబ్రీ ప్రవక్త పని దీనికి తలక్రిందులు. అతని హెచ్చరిక అబద్ధమగుటయే అతని విజయము. యోనా కథను చరిత్రగాగాక కథగానే తీసికొన్నను ఈ మర్మమే కనబడును. నలువది దినములలో నాశనమని విన్న నీనెవె ప్రజలు పశువులకు సైతము గోనెపట్ట కట్టించినారు, పట్టణము నిలిచినది, ప్రవక్తకు కోపము వచ్చినది. మీకా సంగతి కథ కాదు. యెరూషలేము దున్నిన పొలమువలె నగునని అతడు హిజ్కియా రాజు దినములలో చెప్పినాడు. హిజ్కియా భయపడినాడు. క్రీ.పూ. 701లో అష్షూరు సైన్యము పట్టణమును ముట్టడించియు పట్టుకొనలేక మరలిపోయినది. ఆనాటికి ఫలింపని ఆ మాటను ఎవరును చెరిపివేయలేదు. సుమారు నూరేండ్ల తరువాత యెహోయాకీము పాలన ఆరంభమున యిర్మీయా దేవాలయమునందు నిలిచి ఇట్టి హెచ్చరికయే చేయగా, చంపుడని యాజకులు కేకలు వేసినారు. అప్పుడు కొందరు పెద్దలు లేచి మీకా మాటను, హిజ్కియా భయమును జ్ఞాపకము చేసినారు. షాఫాను కుమారుడు అహీకాము అండగా నిలిచినాడు. యిర్మీయా ప్రాణము దక్కినది.

అందరికిని అట్టి అండ దొరకలేదు. ఊరియా అను మరియొక ప్రవక్త ఇవే మాటలు పలికి, ప్రాణభీతితో ఐగుప్తునకు పారిపోయినాడు. రాజు ఎల్నాతాను అను అధికారిని పంపి అతనిని పట్టి తెప్పించి కత్తితో చంపించినాడు. ఈ ఎల్నాతాను పేరు శ్రోతలు గుర్తుంచుకొందురు గాక.

క్రీ.పూ. 605లో కర్కెమీషు యుద్ధమున ఐగుప్తు సేనలు బబులోను యువరాజగు నెబుకద్నెజరు చేత ఓడిపోయినవి. ఐగుప్తును నమ్ముకొన్న యెహోయాకీమునకు అది కాలిక్రింది నేల కదలినట్టి వార్త. ఆ యేటనే యిర్మీయా తన 23 సంవత్సరముల హెచ్చరికలను నేరియా కుమారుడైన బారూకు చేత సిరాతో వ్రాయించినాడు. తనకు దేవాలయ ప్రవేశము లేకపోయినందున బారూకునే చదువుమన్నాడు. మరుసటి యేడు తొమ్మిదవ నెలలో ఉపవాసదినము చాటబడగా, ఊళ్ల నుండి వచ్చిన జనము వినునట్లు బారూకు దానిని చదివినాడు. చదివిన చోటు షాఫాను మరియొక కుమారుడగు గెమర్యా గది. గెమర్యా కొడుకు మీకాయా విని, పరుగున పోయి అధికారులకు చెప్పినాడు. వారు బారూకును పిలిపించి చదివించుకొని ఒకరినొకరు భయముతో చూచుకొన్నారు. నీవును యిర్మీయాయు దాగికొనుడని చెప్పి రాజునకు తెలిపినారు. తరువాతి కథ కుంపటి యొద్ద జరిగినది. గ్రంథము కాల్చవద్దని బ్రతిమాలినవారు ముగ్గురు: దెలాయ్యా, గెమర్యా, మూడవవాడు ఎల్నాతాను. ఒక ప్రవక్తను చావునకు ఈడ్చుకొని వచ్చిన చేతులే మరియొక ప్రవక్త గ్రంథమునకు అడ్డుపడినవి. ఈ మార్పు ఎట్లు కలిగినదో యెవరు చెప్పగలరు?

ఆ యుపవాసము ఎందుకు చాటబడినదో గ్రంథములో లేదు. బ్రిటిష్ మ్యూజియములోని బబులోను మట్టిపలక యొకదానిని 1956లో వైజ్‌మన్ అను పండితుడు ప్రకటించినాడు. నెబుకద్నెజరు తన మొదటి పాలనవత్సరమున కిస్లేవు మాసములో అష్కెలోను పట్టణమును పట్టుకొని నేలమట్టము చేసినాడని అందులో నున్నది. కిస్లేవు అనగా తొమ్మిదవ నెల. అష్కెలోను యెరూషలేమునకు 60 కిలోమీటర్లకు కొంచెము పైగా దూరము. శత్రువు అంత చేరువకు వచ్చిన నెలలో ఊరంతయు కడుపు మాడ్చుకొని ప్రార్థించుచుండగా, రాజు చలి కాచుకొనుచు ఆ యుపవాసమున కర్థము చెప్పు గ్రంథమును కాల్చినాడని ఊహించుట అసంగతము కాదు. భయమున కుపవాసము చాలును. పాపమునకు దుఃఖించుటకు ముందుగా వినవలెను. వినుటకు ఆ మేడలో చోటు లేకపోయినది.

యిర్మీయా మరల చెప్పినాడు. బారూకు మరల వ్రాసినాడు. రెండవ చుట్ట మొదటిదానికంటె పెద్దదైనది. క్రీ.పూ. 597 మార్చిలో యెరూషలేము లొంగిపోయినది. 586లో, కొందరి గణనలో 587లో, తగులబడినది.

1982లో యిగాల్ షీలో అను పురాతత్త్వవేత్త యెరూషలేములో దావీదుపురమను భాగమున త్రవ్వకములు జరుపుచుండగా ఒక యింటిలో 51 మట్టిముద్రలు బయటపడినవి. చుట్టలకు త్రాడు కట్టి, ముడిమీద తడిమట్టి నద్ది వేసిన ముద్రలవి; ఒక్కొక్కటి వ్రేలిగోరంత. కట్టలన్నియు ఆ దహనములో మసియైపోగా, అదే మంటకు మట్టి కాలి ఇటుకవలె గట్టిపడి మిగిలినది. వానిలో ఒకదానిపై షాఫాను కుమారుడగు గెమర్యాహు అని యున్నది. పదవి పేరు లేదు. అయినను కాలమును, స్థలమును, రెండు తరముల పేర్లును కలియుటచేత, రాజును బ్రతిమాలిన గెమర్యాయే యితడని పండితులు పెక్కురు భావింతురు. బారూకు ముద్ర యని ఒకటి 1970ల నుండి ప్రసిద్ధికెక్కినది గాని, అది త్రవ్వకములలో దొరికినది కాదు, బజారు సరకు. అది నకిలీ యని 2014లో పరిశోధకులు వాదించినారు. కనుక దాని జోలికి మేము పోము.

ఇంతకును యోషీయా ఏమైనాడు? సమాధానముతో సమాధి చేరుదువని హుల్దా చెప్పినది. క్రీ.పూ. 609లో ఐగుప్తు రాజు నెకో సేనతో ఉత్తరమునకు పోవుచుండగా యోషీయా మెగిద్దో యొద్ద అడ్డగించి, 39వ యేట ప్రాణము విడిచినాడు. నాకు నీతో పని లేదు, దేవుడు నన్ను త్వరపెట్టుచున్నాడు, తొలగుమని నెకో ముందుగానే కబురంపినాడనియు, అది నిజముగా దైవవాక్కే యనియు, యోషీయా దానిని వినలేదనియు దినవృత్తాంతముల గ్రంథము చెప్పుచున్నది. స్త్రీ నోట వచ్చిన హెచ్చరికకు తలవంచినవాడు, పరరాజు నోట వచ్చిన దానిని గుర్తింపలేకపోయినాడు. అతని కొరకు యిర్మీయా విలాపము చేసినాడట.

షాఫాను వంశమునకును అదే గతి పట్టినది. తాత చదివినాడు, ఒక కొడుకు ప్రవక్తను కాచినాడు, మరియొక కొడుకు గ్రంథమును కాపాడజూచినాడు. పట్టణము కాలిన పిదప అహీకాము కుమారుడగు గెదల్యాను బబులోనువారు మిగిలిన బీదజనముపై అధికారిగా మిస్పాలో నిలిపినారు. ఇష్మాయేలు అనువాడు నిన్ను చంపజూచుచున్నాడని యోహానాను అను సేనాపతి రహస్యముగా హెచ్చరించినాడు. గెదల్యా మంచివాడు, నీవు అబద్ధమాడుచున్నావని త్రోసిపుచ్చినాడు. ఏడవ నెలలో ఇష్మాయేలు పదిమందితో విందుకు వచ్చి, భోజనము మధ్య లేచి అతనిని నరికినాడు. యూదులు నేటికిని తమ సంవత్సరాది పండుగ రెండు దినములు గడచిన మరునాడు, షాఫాను మనుమని పేరిట, తెల్లవారినది మొదలు చీకటి పడువరకు ఉపవసింతురు.